వంటింట్లో రెండవ మనిషికి చోటు

కొత్త ఇల్లు కట్టుకున్న కుటుంబాలు గదుల అమరిక కోసం మమ్మల్ని పిలిచినప్పుడు మొదటి సమావేశం దాదాపు ప్రతిచోటా ఒకే తీరున సాగుతుంది. ఇంటి యజమాని హాలు గురించి మాట్లాడతారు. టీవీ గోడకు ఏ రంగు చెక్క వేయాలి, పైన ఫాల్స్ సీలింగ్ ఎలా ఉండాలి, లోపలికి వచ్చేవారి చూపు మొదట దేనిమీద పడాలి అన్నవే ఆయన ప్రశ్నలు. ఆయన సతీమణి పరదా అవతల నుండి వింటూ ఉంటారు, లేదా టీ పంపించి తమ పనిలో మునిగిపోతారు.

మేము భార్యాభర్తలం. ఇళ్ళ లోపలి అమరికను తీర్చిదిద్దడం మా ఇద్దరి వృత్తి. కలిసే వెళ్తాము కనుక ఒకరు హాలులో కూర్చుంటే మరొకరు లోపలికి వెళ్ళి స్త్రీలతో స్వేచ్ఛగా మాట్లాడే వీలు కలుగుతుంది. లోపల మేము అడిగే మొదటి ప్రశ్న ఇది: ఈ ఇంట్లో ఎక్కువ గంటలు నిలబడి ఉండేది ఎవరు, ఎక్కడ? జవాబు అందరికీ తెలిసినదే. అయినా ఖర్చు లెక్క వేసేటప్పుడు ఆ చోటుకు చివరి వంతు వస్తుంది. ఇన్నేళ్ళ పనిలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇదే.

ఇల్లు, వివాహం: ఒకే ధాతువు

దివ్య ఖుర్ఆన్‌లోని 'అన్ నహ్ల్' సూరా 80వ ఆయతు, అల్లాహ్ మన ఇళ్ళను మనకు ప్రశాంతి నిలయాలుగా చేశాడని తెలుపుతుంది. అక్కడ వాడిన పదం 'సకన్'. 'అర్ రూమ్' సూరా 21వ ఆయతు భార్యాభర్తల బంధాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొంటూ, జీవిత భాగస్వామి వద్ద మనిషి ప్రశాంతి పొందడం ఆ బంధపు ఉద్దేశమని చెబుతుంది. అక్కడి క్రియాపదం కూడా అదే ధాతువు నుండి వచ్చింది. మన ఇళ్ళలో రోజూ వినిపించే 'సుకూన్' అనే మాట, నివాసాన్ని సూచించే 'మస్కన్' అనే మాట ఆ కుటుంబానికి చెందినవే.

ఈ రెండు ఆయతులను పక్కపక్కన పెట్టి చూస్తే మా వృత్తికి ఒక కొలబద్ద దొరుకుతుంది. ఇంటి అందాన్ని వచ్చిపోయేవారి మెప్పుతో కాక, అందులో నివసించేవారికి దొరికే నెమ్మదితో కొలవాలి. అతిథిని గౌరవించడం మన ధర్మమే. అయితే అతిథికి కావలసినది శుభ్రమైన ఆసనం, చిరునవ్వు, వేడి అన్నం. ఆ అన్నం వండేవారి నడుము నొప్పి మీద పైకప్పు దీపాలు వెలిగితే ఆ ఇంట్లో 'సకన్' ఎవరికి దక్కినట్టు?

మోచేతి నుండి మొదలయ్యే కొలత

వంటగట్టు ఎత్తును మేస్త్రీలు అలవాటుగా 34 అంగుళాల దగ్గర స్థిరం చేస్తారు. వండేవారి ఎత్తు ఎవరూ అడగరు. సరైన పద్ధతి సులభమైనది. మనిషి నిటారుగా నిలబడి చేతిని మోచేతి వద్ద మడిచినప్పుడు నేల నుండి మోచేతి వరకు ఎంత ఎత్తు ఉందో చూసి, దానికంటే నాలుగు నుండి ఆరు అంగుళాలు కిందికి గట్టు రావాలి. గట్టు ఎత్తయితే భుజాలు లాగుతాయి. మరీ కిందికుంటే నడుము వంగుతుంది. పెద్ద డేగిశాలో బిర్యానీ వండే ఇళ్ళలో ఈ లెక్క కూడా చాలదు. మామూలు పొయ్యి మీద అంత పెద్ద గిన్నె పెడితే దాని అంచు ఛాతీ దాకా వస్తుంది; గరిట తిప్పే చెయ్యి పైకి లేచిపోతుంది. అటువంటి వంటకు పెరటి వైపు మోకాలి ఎత్తులో మరొక చిన్న గట్టు కట్టించమని చెబుతాము.

దీపం సంగతీ అంతే. గది మధ్యలో పైన వెలిగే దీపం, గట్టు వద్ద నిలబడినవారి వీపు వెనుక పడుతుంది. వారి నీడ వారు కోసే కూరగాయల మీదే పడుతుంది. అదే దీపాన్ని గట్టు పైనున్న అలమర అడుగుభాగంలో అమర్చితే చేతి కింద వెలుగు వస్తుంది. దీనికయ్యే ఖర్చు హాలులోని ఒక అలంకార దీపం ఖర్చుకంటే తక్కువ.

వంటింటిని శాస్త్రీయంగా కొలిచినవారిలో ప్రసిద్ధురాలు వియన్నాకు చెందిన వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం శ్రామిక కుటుంబాల కోసం ఇళ్ళు కట్టిస్తున్న రోజుల్లో, 1926లో ఆమె ఒక వంటగదిని రూపొందించారు. వెడల్పు రెండు మీటర్ల లోపు, పొడవు మూడున్నర మీటర్ల లోపు. రైలు బండ్లలోని వంటగదులను పరిశీలించి, వేసే అడుగులు తగ్గేలా వస్తువులు అమర్చారు. కిటికీ వెలుగులో పని బల్ల, కూర్చుని పని చేయడానికి ఎత్తు మార్చుకోగల పీట ఏర్పాటు చేశారు. అటువంటి వంటగదులు సుమారు 10,000 నిర్మాణమయ్యాయి. నేటి మాడ్యులర్ కిచెన్‌కు అదే పూర్వరూపం.

ఆ గొప్ప ఆలోచన మీద తరువాతి కాలంలో ఒక విమర్శ వచ్చింది. ఆ గది ఒక్కరికే సరిపోతుంది. భర్త గానీ పిల్లలు గానీ లోపలికి వచ్చి చేయి కలపడానికి చోటు లేదు. స్త్రీ పని తేలికైంది, కానీ ఆమె ఆ పనిలో ఒంటరిదయింది.

మేము ఈ విమర్శను గుర్తుంచుకొని ఒక నియమం పెట్టుకున్నాము. రెండు గట్ల నడుమ ఒకరు పని చేయడానికి మూడడుగుల దారి సరిపోతుంది. ఇద్దరు ఒకరికొకరు అడ్డుపడకుండా తిరగాలంటే నాలుగడుగులు కావాలి. వీలున్న ప్రతి ఇంట్లో మేము నాలుగడుగులే గీస్తాము. ఎవరి కోసం ఆ అడుగు అని అడిగితే, ఇంటి యజమాని వైపు చూసి నవ్వుతాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తెలిపిన హదీసు మన అందరికీ తెలుసు. ఆ సున్నత్‌ను పాటించాలంటే నిలబడే చోటు కూడా ఉండాలి కదా!

హాలా, వంటిల్లా?

కడప జిల్లాలో ఒక కుటుంబానికి పని చేశాము. కుమారుడు గల్ఫ్‌లో కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కట్టారు. గోడలు లేచేసరికి సొమ్ము తరిగిపోయింది. మిగిలినది హాలు అలంకరణకో, వంటింటికో ఒక్కదానికే సరిపోతుంది. రెండూ కావాలంటే వడ్డీ అప్పు తేవాలి. కుమారుడు హాలు వైపు మొగ్గాడు. తల్లి మా ఎదుటే అడ్డుపడ్డారు.

"బేటా, మెహమాన్లు నెలకోసారి వస్తారు. నీ భార్య రోజూ ఇక్కడ నిలబడుతుంది. ముందు ఇది చూడు."

"నలుగురూ ఏమనుకుంటారు అమ్మీ?"

"నలుగురూ తిని వెళ్ళిపోతారు. గిన్నెలు కడిగేది మేము."

ఆ అబ్బాయి ఇక వాదించలేదు. హాలుకు తెల్లని సున్నం, నేల మీద జంఖానా, గోడకు ఆనించిన దిండ్లు. వంటింటికి కోడలి మోచేతి కొలతకు సరిపోయిన గట్టు, నాలుగడుగుల దారి. వడ్డీ అప్పు అవసరమే రాలేదు. దుబారాను అల్లాహ్ ఇష్టపడడని మనం పిల్లలకు నేర్పుతాము. ఇల్లు అమర్చుకునే వేళ ఆ పాఠం మనకే పరీక్షగా ఎదురవుతుంది. గొప్ప కోసం చేసిన అప్పు పైకప్పులో దాగి ఉండి, ప్రతి నెలా మొదటి వారంలో భార్యాభర్తల నడుమ మాటల్లోకి దిగివస్తుంది. అలా ప్రశాంతి కోల్పోయిన అందమైన హాళ్ళు మేము చాలా చూశాము.

పని ఇద్దరిది, పేరు ఎవరిది?

భార్యాభర్తలు కలిసి ఒకే వృత్తి చేయడం వినడానికి హాయిగా ఉంటుంది. ఆచరణలో దానికి కొన్ని కట్టుబాట్లు కావాలి. మాలో ఒకరి దృష్టి కొలతల మీద, మరొకరి దృష్టి వెలుగు, రంగుల మీద ఉంటుంది. కనుక భిన్నాభిప్రాయాలు తప్పవు. ఇంటివారి ఎదుట వాదించుకోము. ఇషా నమాజు తరువాత పని కాగితాలు తెరవము. ఒకరి ఆలోచనను మరొకరు తమదిగా చెప్పుకోము.

ఈ చివరి కట్టుబాటు చిన్నదిగా కనిపించవచ్చు. అమెరికాకు చెందిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతుల ఉదంతం దాని విలువ తెలుపుతుంది. 1941లో వివాహమైన నాటి నుండి కుర్చీలు, ఇళ్ళు, ప్రదర్శనలు, చిత్రాలు ఇద్దరూ కలిసి రూపొందించారు. అయినా 1946లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం వారి కుర్చీలను ప్రదర్శించినప్పుడు ఆ ప్రదర్శన పేరులో చార్లెస్ ఒక్కరే కనిపించారు. రే వంతు శ్రమను లోకం నిండుగా గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది.

మన ఇళ్ళలో ఇదే సంగతి నిశ్శబ్దంగా జరుగుతుంది. దుకాణం లెక్కలు భార్య రాస్తుంది, దుకాణం పేరు భర్తది. కుట్టుపని ఆమెది, బేరం ఆయనది. ఇస్లాం ధర్మంలో స్త్రీ సంపాదన స్త్రీదే. కుటుంబ పోషణ బాధ్యత భర్తది. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) తన సొంత వ్యాపారం నడిపిన మహిళ. కనుక మా గీతల కాగితం ప్రతిదానిమీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. వచ్చిన ప్రతిఫలంలో మాలో భార్య వాటా ఆమె ఖాతాలోకే వెళ్తుంది. దానిని ఇంటికి ఖర్చు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఈ ఏర్పాటు మా మధ్య దూరం పెంచలేదు. ఎవరి శ్రమ ఎవరిదో స్పష్టంగా తెలిసినప్పుడు కృతజ్ఞత చెప్పడం సులభమవుతుంది.

స్ఫూర్తి ఇంట్లోనే ఉంది

కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయని యువతులు మమ్మల్ని అడుగుతారు. ఇందుకు కూడా ఈమ్స్ దంపతులనే తలచుకోవాలి. భారత ప్రభుత్వం ఆహ్వానం మీద వారు మన దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక సమర్పించారు. అహ్మదాబాదులో 1961లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి అది దారి తీసింది. ఇంత దేశం చూసిన ఆ నిపుణులు తమను అన్నిటికంటే ఆకట్టుకున్న వస్తువుగా ఎంచినది మన లోటాను! నిండుగా ఉన్నప్పుడు, ఖాళీ అయినప్పుడు అది ఎలా నిలుస్తుంది, చేతిలో ఎలా ఇముడుతుంది, నీరు ఎలా జారుతుంది అని వారు లోతుగా ఆలోచించారు. తరతరాల చేతులు కలిసి తీర్చిన రూపం అది. మన ఇళ్ళలో వుజూకు వాడే బద్నా కూడా దాని చుట్టమే. ముక్కు వంపు వల్ల నీరు సన్నగా పడి వృథా కాదు.

వుజూ చోటును మేము ఆ దృష్టితోనే అమరుస్తాము. పెద్దవారు కూర్చోవడానికి మోకాలి ఎత్తు గట్టు, ముందు పొట్టి కొళాయి, కింద జారని గరుకు రాయి, పక్కన లేచేటప్పుడు పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే చాలు. పాత ఇళ్ళ మందపు గోడల్లో దీపానికో, ఖుర్ఆన్ గ్రంథానికో ఒక గూడు ఉండేది. నేటి నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో గూడు తొలచలేము. తొమ్మిది అంగుళాల గోడ కట్టే సమయంలోనే చెబితే మేస్త్రీ ఖర్చు లేకుండా వదిలిపెడతాడు. గోడలకు ప్రాణుల బొమ్మలు వద్దనుకునేవారికి మచిలీపట్నం కలంకారీలోని పూలతీగలు ఉన్నాయి. నేలకు వరంగల్ జంఖానాలు ఉన్నాయి.

ఉన్నదానిని మరల వినియోగించడంలో మనకు శ్రేష్ఠమైన ఆదర్శం హదీసులలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) బొమ్మలున్న ఒక తెరను ఇంట్లో కట్టారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దానిని ఇష్టపడలేదు. ఆమె ఆ వస్త్రాన్ని పారవేయక, కోసి దిండ్లుగా మలిచారు. అమ్మమ్మ చీరతో బొంత కుట్టే ప్రతి ఇల్లాలిలో మాకు ఆ వివేకం కనిపిస్తుంది.

ఒక సాయంత్రం, రెండు కాగితాలు

ఇల్లు కట్టబోయే దంపతులకు మా సలహా ఇది. పని మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం చెరొక కాగితం తీసుకొని విడివిడిగా రాయండి: రోజులో నేను ఎక్కువసేపు ఉండే చోటు ఏది, అక్కడ నన్ను ఇబ్బంది పెట్టేది ఏమిటి, ప్రశాంతంగా ఒక గంట కూర్చోవాలంటే నాకు ఏ మూల ఉంది? తరువాత కాగితాలు మార్చుకొని చదవండి. ఇంట్లో అత్తమామలుంటే వారినీ అడగండి. కోడలిగా వచ్చినామెకు ఇంట్లో తనదంటూ ఒక మూల కూడా లేదని ఆ కాగితం చూశాకే తెలుసుకున్న భర్తలు ఉన్నారు.

కడప జిల్లా ఇంటికి మరుసటి రంజాన్‌లో అలమర తలుపు సరిచేయడానికి వెళ్ళాము. సహరీకి రొట్టెలు కాల్చేది ఇప్పుడు ఆ అబ్బాయేనని తల్లి చెప్పారు. గుండ్రంగా రావడం లేదట. అయినా భార్య పక్కనే నిలబడి పిండి ఉండలు అందిస్తోందట. ఆ ఇద్దరికీ కావలసిన చోటు కోసం మేము హాలు వైపు గోడను ఒక అడుగు జరిపించాము. హాలు ఆ మేరకు చిన్నదైన సంగతి ఇంతవరకు ఏ అతిథీ గమనించలేదు.