ధరకన్నా ముందు నడిచిన మ్యాపు

రాగి, జింకు, వెండి ధరల తేజీ మందీలను వర్తకులు గిడ్డంగి నిల్వలను బట్టీ, లండన్ కబురును బట్టీ అంచనా కడతారు. కాని కొత్త సరుకు ఆచూకీ అందరికన్నా ముందు తెలిసేది భూభౌతిక శాస్త్రజ్ఞుడికి. గని తవ్వకముందే నేల కింద ఉన్నదేమిటో అతని మ్యాపు మీద గీతలుగా పడుతుంది. ఆ గీతల విలువ ఎంతో, ఆ విలువను ఎవరు సొమ్ము చేసుకోవచ్చునో తేల్చింది కెనడాలోని కిడ్ క్రీక్ గని.

టెక్సాస్ గల్ఫ్ సల్ఫర్ అమెరికాలో గంధకం అమ్మే కంపెనీ. 1957లో అది తూర్పు కెనడాలో లోహ ఖనిజాల అన్వేషణకు దిగింది. 1959 నుంచి 15 వేల చదరపు మైళ్లకు పైగా ఆకాశం నుంచి సర్వే జరిపించింది. పైనుంచి ఒక తీగచుట్ట విద్యుదయస్కాంత తరంగాలు పంపుతుంది. నేలలో కరెంటు పారే ఖనిజం ఉంటే అది బదులు సంకేతమిస్తుంది. చిక్కేమిటంటే గ్రాఫైటు కూడా అలాంటి బదులే ఇస్తుంది. జింకు ఖనిజమేమో ఒంటరిగా ఉంటే దాదాపు పలకనే పలకదు. దాని వెంట ఉండే రాగి, ఇనుము గంధకిదాలే దాని జాడ చెప్పాలి. అందుకే వేల సంకేతాలు దొరికినా, తదుపరి పరిశీలనకు నిలిచినవి కొన్ని వందలే.

వాటిలో ఒకటి ఒంటారియోలోని టిమ్మిన్స్ పట్టణం దగ్గరిది. 1963 అక్టోబర్ 29, 30 తేదీలలో కంపెనీ భూభౌతికుడు అక్కడ నేలమీద కొలతలు తీసి, సంకేతం నిజమేనని ధ్రువపరిచాడు. నవంబర్ 8న డ్రిల్లింగు మొదలయింది. దాదాపు 600 అడుగుల పొడవున తీసిన రాతిలో రాగి 1.18 శాతం, జింకు 8.26 శాతం, దాంతోపాటు వెండి ఉన్నట్లు పరీక్షలో తేలింది. మొదటి బోరుకే ఇంత ఫలితం రావడం అరుదు.

కంపెనీ వెంటనే గుట్టు పాటించింది. చుట్టుపక్కల భూమి హక్కులు ఇంకా ఇతరుల చేతిలో ఉన్నాయి మరి. రిగ్గును పక్కకు జరిపి, సంకేతం లేనిచోట మరో బోరు వేసింది. 1964 మార్చి 27 నాటికి కొనుగోళ్లు దాదాపు పూర్తయ్యాయి. నాలుగు రోజులకు డ్రిల్లింగు మళ్లీ సాగింది. ఏప్రిల్ 12న పుకార్లు అతిశయోక్తులని ప్రకటన ఇచ్చిన కంపెనీయే, 16న కనీసం 2.5 కోట్ల టన్నుల ఖనిజం దొరికిందని చెప్పింది. నవంబరులో 17 డాలర్ల పైచిలుకు ఉన్న షేరు ఆనాడు 36 దాటింది. మే 15కు 58 దాటింది.

ఈ మధ్యకాలంలో గుట్టు తెలిసిన కొందరు ఉద్యోగులు షేర్లు కొన్నారు. నేలను కొలిచిన ఆ భూభౌతికుడు కూడా ప్రకటనకు ముందురోజు 200 షేర్లు కొన్నాడు. కేసు నడిచింది. భూమి సమకూర్చుకొనే వరకు కంపెనీ మౌనంగా ఉండడం న్యాయమైన వ్యాపారమేనని 1968లో అప్పీలు కోర్టు అంగీకరించింది. అయితే గుట్టు తెలిసినవాడు దాన్ని బయటపెట్టాలి, లేదా లావాదేవీకి దూరంగా ఉండాలి అని తీర్పు చెప్పింది. భూభౌతికుడు బాధ్యుడని తేలింది. తెలియక చౌకగా అమ్ముకున్న షేరుదార్ల పక్షాన ఈ సూత్రం నిలిచింది.

గని 1966లో ఉత్పత్తి ప్రారంభించి, క్రమంగా మూడు కిలోమీటర్ల లోతు వరకూ దిగింది. రాగి, జింకులను కెనడా 2021లో కీలక ఖనిజాల జాబితాలో చేర్చింది. భారత ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 ఖనిజాల పట్టికలోనూ రాగి ఉంది. 1961లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హెలికాప్టరు సర్వేలు కూడా చేస్తుంది.

వర్తకుడు గుర్తుంచుకోవలసిన సంగతులు రెండు. సర్వేలో సంకేతం దొరికిందంటే సరుకు దొరికినట్లు కాదు. బోరు ఫలితం, పరీక్ష శాతం, టన్నుల లెక్క వచ్చాకే అది సరుకు. కబురు ముందుగా చెవిన పడితే అది ఎక్కడినుంచి వచ్చిందో విచారించుకోవాలి. మన దేశంలోనూ 1992 నుంచి సెబీ నిబంధనలు లోపలి కబురుతో జరిపే షేర్ల వ్యాపారాన్ని నిషేధిస్తున్నాయి.