పళ్లు తెల్లబడాలంటే ముందు మరక ఎక్కడుందో తెలియాలి

జంషెడ్‌పూర్ బస్తీల్లోని కిళ్లీ కొట్లలో గుల్, గుడాఖు అనే చిన్న డబ్బాలు దొరుకుతాయి. గుల్ అంటే మాడ్చిన పొగాకు పొడి. గుడాఖు అంటే పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపి చేసిన ముద్ద. జార్ఖండ్, బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో చాలామంది, అందులోనూ ఆడవాళ్లు, పొద్దున్నే వీటితో పళ్లు తోముకుంటారు. తోమగానే పళ్లు నున్నగా అనిపిస్తాయి. చిగుళ్ల నొప్పి కాసేపు తగ్గినట్టు ఉంటుంది. కొత్తవాళ్లకైతే తల కూడా తిరుగుతుంది. అది నికోటిన్ పని. రోజుకు ఒకసారి తోముకునేవారు కొన్నాళ్లకు నాలుగుసార్లు తోముకోవడానికీ కారణం అదే. తీరా చూస్తే పళ్లు తెల్లబడటం అటుంచి, గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి.

పొగాకు కలిపిన పళ్లపొడులను, టూత్‌పేస్టులను కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. సుప్రీంకోర్టు 1997లో ఆ నిషేధాన్ని సమర్థించింది. విచిత్రమేమిటంటే, 2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం షెడ్యూలులో ‘పొగాకు ఉన్న పళ్లపొడి’ కూడా ఒక పొగాకు ఉత్పత్తిగా కనిపిస్తుంది! ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గుడాఖు కొత్త కావచ్చు కానీ పొగాకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల పళ్లు నల్లబడటం చిన్న విషయం. అంగిటి క్యాన్సర్ అసలు ప్రమాదం.

పంటి రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

అద్దంలో మనకు కనిపించే పంటి రంగు ఒక్క పొరది కాదు. పైనున్న ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడే హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలు అవి. ఈ పొర పాక్షికంగా కాంతిని లోపలికి వదులుతుంది. ఆ కాంతి కింద ఉన్న డెంటిన్‌ను తాకి వెనక్కి వస్తుంది. డెంటిన్ లేత పసుపు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కాస్త పసుపుగానే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి పలచబడుతుంది, లోపల డెంటిన్ మందమవుతుంది. ఆ పసుపు మరింత బయటపడుతుంది. ప్రకటనల్లో కనిపించే కాగితం తెలుపు చాలామంది నోట్లో ఎప్పుడూ ఉండని తెలుపు.

పసుపు లేదా గోధుమ రంగు ఎక్కువైందంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: మరక ఎనామెల్ పైన ఉందా, లోపల ఉందా?

టీ, కాఫీ, కిళ్లీ, పొగాకు మరకలు పైనే పట్టుకుంటాయి. పంటిమీద ఎప్పుడూ ఉండే లాలాజలపు ప్రోటీన్ల పలచని పొరకు టానిన్లు, తారు అంటుకుంటాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వారాల తరబడి వాడినా, ఐరన్ సిరప్ తాగినా ఇలాంటి మరకలే వస్తాయి. వీటికి బ్లీచింగ్ అక్కర్లేదు. దంతవైద్యుడి దగ్గర స్కేలింగ్, పాలిషింగ్ చేయిస్తే పోతాయి. స్కేలింగ్ చేస్తే పళ్లు కదులుతాయన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది. నిజానికి గార పేరుకుని చిగుళ్లు దెబ్బతిన్నప్పుడు ఆ పళ్లు అప్పటికే వదులై ఉంటాయి. గార తీయగానే ఆ సంగతి బయటపడుతుంది, అంతే.

అసలు నష్టం ఇంటి చిట్కాలతో జరుగుతుంది. ఉక్కు ఊరివాళ్లకు గట్టిదనం లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏది దేన్ని గీకగలదో చెప్పే మోస్ కొలమానంలో ఎనామెల్ సుమారు 5 దగ్గర ఉంటుంది. ఇసుకలో, ఇటుక పొడిలో ఉండే క్వార్ట్‌జ్ 7. అంటే ఇటుక పొడితో తోమితే మరకతోపాటు పన్నూ అరుగుతుంది. మొదటి వారం తెల్లగా కనిపిస్తుంది కూడా. కానీ ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి రాకముందే అంతరించిపోతాయి. అరిగిన పొర మళ్లీ పెరగదు. కింది పసుపు డెంటిన్ పైకి తేలుతుంది, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. నిమ్మరసం ఇంకా మోసకారి. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది. బొగ్గు టూత్‌పేస్టుల సంగతికొస్తే, అవి తెల్లబరుస్తాయనడానికీ, సురక్షితమనడానికీ తగిన ఆధారాలు లేవని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో 2017లో వచ్చిన సమీక్ష తేల్చింది.

మురికి కాని మరక

తోమితే పోని మరకలూ ఉన్నాయి. జార్ఖండ్‌లోని పలామూ, గఢ్వా జిల్లాల పల్లెల్లో పిల్లల పళ్లమీద సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు, గోధుమ చారలు కనిపిస్తాయి. నల్లగొండ, ప్రకాశం జిల్లాలవారికి ఇది బాగా తెలిసిన దృశ్యం. మన దేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికలు 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. శాశ్వత దంతాల ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను బయటికొచ్చాక వాటిలోకి రంగులు చేరి గోధుమ చారలవుతాయి. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఈ పిల్లలను ‘పళ్లు తోముకోవు’ అని బడిలో మందలించడం అన్యాయం. మరక బ్రష్‌ది కాదు, బోరునీటిది.

ఆ మచ్చలు తెల్లగా ఎందుకు కనిపిస్తాయన్నది కాంతి శాస్త్రం. ఎనామెల్ వక్రీభవన గుణకం 1.62. రంధ్రాల్లో నీరుంటే 1.33, గాలి ఉంటే 1. ఈ తేడా ఎంత పెరిగితే కాంతి అంత చెదిరి మచ్చ అంత తెల్లగా కనిపిస్తుంది. అందుకే పన్ను ఆరితే మచ్చ స్పష్టమవుతుంది, తడిస్తే మసకబారుతుంది. ఆ రంధ్రాల్లోకి సుమారు 1.52 గుణకం ఉన్న రెసిన్‌ను ఇంకించి మచ్చను కనబడకుండా చేసే చికిత్స ఇప్పుడుంది. ఎనామెల్ ఏర్పడే వయసులో టెట్రాసైక్లిన్ వాడితే వచ్చే బూడిదరంగు పట్టీలు ఇంకా లోతువి. ఆ మందు కాల్షియంతో కలిసి డెంటిన్‌లోనే స్థిరపడుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు దాన్ని సాధారణంగా ఇవ్వకపోవడానికి ఒక కారణం ఇదే.

బ్లీచింగ్ చేసేదేమిటి?

బ్లీచింగ్‌లో వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దాన్ని నెమ్మదిగా విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ నుంచి సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. ఇది ఎనామెల్ గుండా ఇంకి, రంగునిచ్చే పెద్ద అణువుల్లోని బంధాలను తెంచుతుంది. రాత్రిపూట ట్రేలో ఈ జెల్ వేసుకుని పడుకునే పద్ధతిని 1989లో హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు ప్రచురించారు. నేటికీ అదే ప్రధాన పద్ధతి. కొన్ని రోజులు పళ్లు జివ్వుమనడం, చిగుళ్లు మండటం మామూలే. తెలుపు శాశ్వతం కాదు. పొగాకు, టీ కొనసాగితే మరింత త్వరగా తగ్గుతుంది. ఐరోపాలో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ ఉత్పత్తులను దంతవైద్యులకే అమ్ముతారు, గరిష్ఠ పరిమితి 6 శాతం, 18 ఏళ్లలోపువారికి వాడరు. కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే నీలిరంగుది వేరే కథ: తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టు, పసుపును కంటికి కప్పిపుచ్చడమే దాని పని.

బ్లీచింగ్‌కు క్యాప్‌ల రంగు, సిమెంట్ రంగు మారవు. ముందుపళ్లలో అవి ఉంటే చుట్టూ తెల్లబడి అవి మాత్రం పాతరంగులోనే మిగులుతాయి. ఒక్క పన్నే మిగతావాటికంటే నల్లబడితే అది వేరే సంగతి. ఎప్పుడో క్రికెట్ బంతి తగిలి లోపలి నరం చనిపోయి ఉండొచ్చు. అలాంటి పంటికి తెల్లబరిచే జెల్ కొనేముందు ఎక్స్‌రే తీయించాలి.