పెళ్ళికాని సిపాయికి అద్దె ఇల్లు

బ్రహ్మచారికి గది దొరకడం ఎంత కష్టమో హాస్టల్లో సీటు రాని మన మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు. అమెరికా సైన్యంలో పనిచేసే బ్రహ్మచారి కష్టం మరో రకం. అక్కడ ఇల్లిచ్చేవాళ్ళుంటారు గానీ, బయట ఉండటానికి ముందు సైన్యం ఒప్పుకోవాలి! మా పెద్దమ్మగారి అబ్బాయి ఆ సైన్యంలోనే ఉన్నాడు. అన్నయ్య చెప్పగా విన్నవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కూడా ఆ సైన్యంలో చేరవచ్చు కాబట్టి, రేపు మనలో ఎవరికైనా ఇవి అక్కరకు రావచ్చు.

మొదటి ప్రశ్న హోదా. పదాతి దళాలున్న ఆర్మీలో ఇ-5 సార్జెంటు వరకూ పెళ్ళికానివాళ్ళు సాధారణంగా బారక్సులోనే ఉండాలి. ఇ-6 స్టాఫ్ సార్జెంటు అయితే బయట ఇల్లు చూసుకోవచ్చు. వైమానిక దళంలో మూడేళ్ళ సర్వీసు నిండని ఇ-4 దాకా డార్మిటరీయే గతి. బారక్సులో గదులు చాలనప్పుడు కింది హోదావాళ్ళకూ అనుమతి దొరుకుతుంది. అదే హోదాలో ఉన్న పెళ్ళయినవాడికి మాత్రం ఈ నిర్బంధం లేదు. కుర్రవాళ్ళు బయటికి పోవాలనుకోవడం వట్టి సరదా కాదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 10 స్థావరాలు చూసి 2023లో ఇచ్చిన నివేదికలో బూజు పట్టిన గోడలూ, పొంగే మురుగూ కూడా ఉన్నాయి.

రెండోది డబ్బు. అనుమతి వస్తే ఇంటి భత్యం వస్తుంది. దీన్ని బి.ఏ.హెచ్. అంటారు. హోదానుబట్టీ, పనిచేసే ఊరినిబట్టీ, ఆధారపడినవాళ్ళున్నారా లేరా అన్నదానినిబట్టీ ఏటా జనవరి 1న రేటు మారుతుంది. దీనిమీద ఆదాయపు పన్ను లేదు. 2019 నుంచి సగటు అద్దె, కరెంటు, నీళ్ళ ఖర్చులో 95 శాతం వచ్చేలా లెక్క కడుతున్నారు. మిగతాది జేబులోంచి పోవాలి. అద్దె తక్కువైతే మిగిలింది మనదే!

ఇక మార్గాలు మూడు. ఒంటరిగా చిన్న అపార్టుమెంటు తీసుకోవడం సుఖమే కానీ ఖర్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుంటే ఎవరి భత్యం వారికే వస్తుంది కనుక డబ్బు మిగులుతుంది. మూడోది కొనుక్కోవడం. 1944 నాటి చట్టంతో మొదలైన వి.ఏ. గృహరుణానికి సాధారణంగా ముందు సొమ్ము కట్టనక్కర్లేదు. అయితే బదిలీల ఉద్యోగంలో ఇల్లు కొనేముందు బాగా ఆలోచించాలి. ఎక్కడ తీసుకున్నా దూరం చూసుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని లూయిస్-మెకార్డ్ స్థావరంలో పనిచేసేవాళ్ళు లేక్‌వుడ్, టకోమా, లేసీ ఊళ్ళలో ఉంటారు. తెల్లవారుజామునే వ్యాయామానికి హాజరు కావాలి మరి!

అసలు చిక్కంతా అద్దె ఒప్పందంలో ఉంది. ఏడాదికి సంతకం పెట్టాక బదిలీ వస్తే? 2003 నాటి సైనికుల పౌర రక్షణ చట్టం ఆదుకుంటుంది. బదిలీ ఉత్తర్వులుగానీ, 90 రోజులకు తగ్గని మోహరింపు ఉత్తర్వులుగానీ వస్తే, వాటి నకలుతో యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. తరువాతి అద్దె తేదీ నుంచి 30 రోజులకు ఒప్పందం ముగుస్తుంది. జూన్ 10న తెలిపితే, అద్దె జూలై 1న కట్టాల్సి ఉంటే, జూలై 31తో సరి.

కానీ మూడు మెలికలున్నాయి. వేరే కాగితంమీద సంతకం పెట్టించుకుని ఈ హక్కును వదిలించే యజమానులుండవచ్చు. ఉమ్మడి ఒప్పందమైతే బదిలీ అయినవాడు బయటపడతాడు, మిగిలినవాళ్ళమీద పూర్తి అద్దె పడవచ్చు. బారక్సుకు తిరిగి రమ్మన్నంత మాత్రాన ఈ చట్టం వర్తించదు. కొన్ని రాష్ట్రాల చట్టాలే దానికి దిక్కు.

కాబట్టి వరస ఇది: ముందు కాగితంమీద అనుమతి, తరువాత భత్యం ఎంతో తెలుసుకోవడం, ఆపైన ఒప్పందాన్ని స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయంలో చూపించడం, చివరికి సంతకం. ఆ కార్యాలయంలో ఫీజు ఉండదు. అనుమతి రాకుండా సంతకం పెడితే భత్యం రాదు, అద్దె మాత్రం ఆగదు.

ఈ ఊళ్ళో గది వెతుక్కునే మిత్రులకు న్యాయ సహాయ కార్యాలయం లేకపోవచ్చు. ఒప్పందం చదివి సంతకం పెట్టడానికి మాత్రం అడ్డెవరు?