మోటారు కారునకు బలము పెంచువారిని ఎన్నుకొనుట

మన పాఠశాలా పత్రికయందు వృక్షములను గూర్చియు, నక్షత్రములను గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. మోటారు కార్ఖానాలను గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని విరామకాలమున పై తరగతుల విద్యార్థులు ఏమి మాటలాడుకొందురో చెవియొగ్గి వినినవారికి ఈ విషయ మెంత యవసరమో తెలియును. ఏ కారు ఎంత వేగముగా బోవును, దాని బలమును మఱికొంత పెంచుటకు ఎవరియొద్దకు బోవలెను అను ప్రసంగమే తఱచుగా వినబడుచున్నది. రేపు వీరు సంపాదనాపరులైన పిమ్మట కారు కొనెదరు. కొనినవారిలో కొందఱు దానికి మార్పులు చేయింపదలచెదరు. అట్టివారికిని, వారి తలిదండ్రులకును ఉపయోగించునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇందులకు కారణమైన సంగతి మొదట చెప్పెదను. నా మేనల్లు డొకడు కొలువున కుదిరిన రెండవ యేట టర్బో గల పెట్రోలు కారొకటి కొనెను. దాని బలము పెంచింపవలెనని కోరిక పుట్టి, “మామయ్యా, మీరును రండి, మీరు చూచి సరే యన్న చోటనే చేయించెదను” అని నన్ను వెంటబెట్టుకొని పోయెను. ఆ కార్ఖానా గోడలనిండ పందెపు కార్ల పటములు, రంగుదీపములు, అద్దాల బీరువాలలో మెఱయు సామానులు నుండెను. యజమాని బానెట్టు తెఱచి చూడకయే “ముప్పది హార్సుపవరు పెరుగును, అరగంట పని” అనెను. లాప్‌టాపు తగిలించి అన్నట్లే అరగంటలో ముగించెను. సొమ్ము పుచ్చుకొనెను, రసీదు ఇయ్యలేదు, మేమును అడుగలేదు. గోడల తళుకు చూచి సరే యన్నవాడను నేనే.

రెండు నెలలు కారు గుఱ్ఱమువలె పరుగిడెను. మే నెలలో నొక మధ్యాహ్నము హైదరాబాదు దారిని నందిగామ దాటిన పిమ్మట ఇంజనులో గలగల శబ్దము పుట్టి, పొగ గ్రమ్మి, ఒక్కసారిగా ఆగిపోయెను. ఇంజను ఆగగానే స్టీరింగు బిగిసెను, బ్రేకు పెడలు రాయివలె గట్టిపడెను. వెనుక లారీ హారను మ్రోగించుచు వచ్చుచుండెను. పిల్లవాడు బలమంతయు నుపయోగించి బండిని అంచునకు లాగబట్టి నేడు ఈ వ్యాసము వ్రాయ గలుగుచున్నాను. ఏలయన నేనును ఆ కారులోనే యుంటిని. తరువాత ఇంజను విప్పి చూడగా మూడవ సిలిండరు పిస్టను తల కరగి రంధ్రము పడియుండెను. బలము పెంచినవారి నడుగగా “మీరు నడిపిన తీరే కారణము” అనిరి. మా చేతిలో కాగితపు ముక్కయైన లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, నే నప్పటినుండి ఈ విషయమును తెలిసికొన మొదలిడితిని.

బలము పెంచుట యనగా నేమి? ఇంజను గాలిని పెట్రోలుతో గలిపి మండించి, ఆ వేడివలన కలుగు ఒత్తిడితో పిస్టనును త్రోయును. పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు తూకమున ఇంచుమించు 14.7 పాళ్ల గాలి కావలెను. ఎంత పెట్రోలు చల్లవలెను, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టింపవలెను, టర్బో గాలిని ఎంత ఒత్తిడితో నెట్టవలెను అను లెక్కలన్నియు నేటి కార్లలో ఈసీయూ అను చిన్న పెట్టెలో పట్టికలుగా నుండును. ట్యూనింగు చేయువాడు ఈ పట్టికలను మార్చును. కారు తయారుచేసినవారు నాసి పెట్రోలునకును, మండుటెండకును, కొండదారికిని, యజమాని అశ్రద్ధకును ఓర్చునట్లు కొంత వాసి విడిచి ఆ లెక్కలు కట్టియుందురు. బలము పెంచువాడు ఎక్కడినుండియో క్రొత్త బలమును తెచ్చుట లేదు. చాలవఱకు ఆ వాసిలోనుండియే తీసికొనుచున్నాడు. కావున ట్యూనరును ఎన్నుకొనుట యనగా, ఆ వాసిలో ఎంత తీసికొనవచ్చునో, ఎంత విడువవలెనో యెఱిగినవానిని ఎన్నుకొనుటయే.

ఆ వాసి తఱిగినచో నేమగును? గాలి ఒత్తిడి మితిమీరినను, రవ్వ మఱీ ముందుగా పుట్టినను, పెట్రోలు చాలకున్నను, జ్వాల చేరకముందే మూలనున్న మిశ్రమము తనంతట తాను ప్రేలును. దీనినే మెకానిక్కులు నాకింగు అందురు. సిలిండరులో మండు వాయువుల వేడి 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును. పిస్టనునకు ముఖ్య ధాతువైన అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. పిస్టను కరగకుండుటకు కారణము దాని నంటియున్న పలుచని వాయుపొరయు, నూనెయు, చల్లార్చు నీరును వేడిని ఎప్పటికప్పుడు తొలగించుటయే. నాకింగు ఆ పొరను చెదరగొట్టును. అందుచేతనే టర్బో ఇంజనులు నిండుబలముతో లాగునపుడు పెట్రోలును హెచ్చుగా నిచ్చి, గాలి పాళ్లను 12 ప్రాంతమునకు తగ్గించుట పరిపాటి. మా కారునందు ఈ జాగ్రత్త తీసికొనలేదని పిదప పరీక్షించినవారు చెప్పిరి.

ఇక నమ్మదగినవారిని గుర్తించుట యెట్లో చెప్పెదను.

మొదటిది, మంచి ట్యూనరు ధర చెప్పుటకుముందు ప్రశ్నలు వేయును. కారు ఎన్ని కిలోమీటర్లు నడచినది, ఏ పెట్రోలు పోయుచున్నారు, ఊరిలోనే తిరుగుదురా లేక దూరప్రయాణములు చేయుదురా, ఇదివఱకు ఏవైన మార్పులు చేయించితిరా అని యడుగును. వైద్యుడు నాడి చూడకుండ మందిచ్చినచో మనము పుచ్చుకొందుమా? రోగియు వైద్యునియొద్ద నిజము దాచరాదు గదా. కారు యజమానియు అట్లే పాత మరమ్మతులన్నియు చెప్పవలెను.

రెండవది, ముందుగా ఇంజను ఆరోగ్యమును పరీక్షించును. సిలిండరులన్నిటియందును కంప్రెషను సరిగా నున్నదా, స్పార్కు ప్లగ్గుల రంగు ఎట్లున్నది, నూనె, రేడియేటరు నీరు, టర్బో గొట్టములు బాగుగా నున్నవా అని చూచును. లోపమున్నచో “మొదట దీనిని బాగుచేయింపుడు, తరువాత రండు” అని చెప్పి పంపును. వచ్చిన సొమ్మును కాదని పంపగలవాడే నమ్మదగినవాడు.

మూడవది, కొలిచి చూపును. డైనో అను రోలర్లమీద కారు నిలిపి బలమును కొలుతురు. మార్పునకు ముందు ఒకసారియు, తరువాత ఒకసారియు, అదే యంత్రముమీద, అదే గేరులో, అదే దినమున, కొన్నిసార్లు వరుసగా కొలిచిన లెక్కయే లెక్క. ఒక్క అంకెను చూచి మురియరాదు. గాలి 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు వేడెక్కినచో దాని సాంద్రత ఇంచుమించు నూటికి ఆరుపాళ్లు తగ్గును. దానితో బలమును తగ్గును. హార్సుపవరు సయితము ఒక్కటి కాదు: ఇంగ్లీషు లెక్కన ఇంచుమించు 746 వాట్లు, మెట్రిక్కు లెక్కన ఇంచుమించు 735 వాట్లు. అందుచే 100 కిలోవాట్ల ఇంజనును ఒకరు 134 అందురు, మఱియొకరు 136 అందురు. ఇంజను మాత్ర మొక్కటే. చక్రములయొద్ద కొలిచిన బలము ఇంజనుయొద్ద కొలిచినదానికంటె తక్కువగా నుండును, ఏలయన గేరుబాక్సు మొదలగువానియందు కొంత వ్యయమగును. ఈ భేదములను అడుగకయే విప్పి చెప్పువాడు నిజాయితీపరుడు. ఉన్నత తరగతుల విద్యార్థులు డైనో కాగితమును తామే సరిచూడవచ్చును: టార్కును న్యూటను మీటర్లలో తీసికొని, నిమిషమునకు తిరుగు చుట్లతో గుణించి, 9549 చే భాగించిన కిలోవాట్లు వచ్చును. 200 న్యూటను మీటర్లు, 4000 చుట్లు అయినచో ఇంచుమించు 83.8 కిలోవాట్లు. కాగితమునందలి రెండు రేఖలు ఈ లెక్కకు కుదరకున్నచో అడుగుటకు మీకు హక్కు గలదు.

నాలుగవది, బలమునకుముందు బ్రేకుల మాట యెత్తును. వేగము రెట్టింపైన కదలుబండి శక్తి నాలుగు రెట్లగునని మీరు పాఠములలో చదివియున్నారు. గంటకు 80 కిలోమీటర్లనుండి 100కు పెరిగినను ఆ శక్తి ఒకటిన్నర రెట్లు దాటును. ఆ శక్తినంతయు వేడిగా మార్చి ఆపవలసినవి బ్రేకులే. టైర్లు అరిగినను బ్రేకు ప్యాడ్లు పలుచనైనను చూడక బలము పెంచువాడు మీ మేలు కోరువాడు కాడు.

ఐదవది, కాగితములు. ఏయే మార్పులు చేసినది, ఏ సామానుల ధర యెంత, కూలి యెంత, పూచీ ఎంతకాలము, ఇంజను చెడినచో ఎవరు భరింతురు అనునవి వ్రాసి సంతకము చేసి యిచ్చువానియొద్దకే పోవలెను. ఈసీయూలోని మొదటి లెక్కను భద్రపఱచి, కోరినప్పుడు మరల నెక్కించునట్లు ఒడంబడిక యుండవలెను. తయారీదారుల వారంటీకి భంగము కలుగు సంగతియు, బీమాసంస్థకు మార్పులను తెలుపవలసిన సంగతియు ముందే చెప్పువాడు మంచివాడు.

ఆరవది, పాత ఖాతాదారులను విచారింపుడు. నిన్న చేయించుకొన్నవానిని అడిగిన లాభము లేదు. వాడు మా మేనల్లునివలె ఉత్సాహములో నుండును. ఒక యేడాది నడిపి, ఒక వేసవి దాటినవానిని అడుగుడు. ట్యూనరునే “మీ చేతిలో చెడిన ఇంజను ఏది? అప్పుడేమి చేసితిరి?” అని యడుగుడు. ఎన్నడును ఏదియు చెడలేదనువానికంటె, చెడిన కథను దాచక చెప్పి, ఏమి నేర్చుకొంటినో చెప్పువాడు మేలు.

ఏడవది, చట్టము. ఈ దేశమున తయారీదారులు మొదట నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుట మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ననుసరించి నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నియమమును దృఢపఱచెను. అదే యేట జరిగిన సవరణ ప్రకారము అనుమతి లేని ప్రతి మార్పునకును యజమానికి 5000 రూపాయల జుల్మానా గాని, ఆరు మాసములవఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. శిక్ష యజమానికని గుర్తుంచుకొనుడు. పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరును ఊడదీయుదుమని గాని, వీధి దద్దరిల్లు సైలెన్సరు పెట్టుదుమని గాని చెప్పువానియొద్దనుండి వెంటనే వెనుదిరుగవలెను. ఆ పొగ పీల్చువారు పొరుగువారి పిల్లలే. వేగముపై మక్కువ గలవారు కోయంబత్తూరు కరి మోటారు స్పీడ్‌వే వంటి పందెపు బాటలపై, అందులకే కేటాయించిన బండ్లతో తీర్చుకొనవచ్చును. రహదారి అందఱిది.

మా మేనల్లుని కథ ముగింపవలసియున్నది. క్రొత్త పిస్టన్లు వేయించుటకు వాడు ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ము వ్యయమయ్యెను. పిదప మఱియొక చిన్న షెడ్డునకు పోయితిమి. అచట పటములు లేవు, దీపములు లేవు. గోడకు టార్కు రెంచీలు వరుసగా వ్రేలాడుచుండెను. మేస్త్రీ గంటసేపు పరీక్షించి, “అబ్బాయీ, ఈ బండికి ఇప్పుడున్న బలము చాలును. బ్రేకులు, టైర్లు మార్పించుకొమ్ము. బలము పెంచుమన్న నేను పెంచను” అని, పరీక్షకు మాత్రము కూలి తీసికొని, అడుగకయే రసీదు వ్రాసి యిచ్చెను. మేనల్లుడు దారిపొడుగున మాటలాడలేదు. ఇల్లు చేరిన పిమ్మట ఆ రసీదును మడచి పర్సులో పెట్టుకొని, “మామయ్యా, ఇకమీదట కారును ఈయనకే చూపెదను” అనెను.

విద్యార్థులారా! కారు విషయమే కాదు, మీ కంటికి గోచరింపని పనిని పరులకు అప్పగింపవలసిన సందర్భములు జీవితమున అనేకములు వచ్చును. అప్పుడు తళుకును గాక కొలతను చూడుడు. వాగ్దానమును గాక వ్రాతను అడుగుడు. మన సొమ్మును కాదనగలవానిని వెదకుడు. మీలో నెవరైన ఈ వృత్తినే చేపట్టదలచినచో, భౌతికశాస్త్రమును గణితమును శ్రద్ధగా నేర్చుకొనుడు. మీ చేతికి కారు నప్పగించువాడు తాళముతోబాటు తన ప్రాణమును, తనవారి ప్రాణములను గూడ అప్పగించుచున్నాడని మఱువకుడు.