కేంబ్రిడ్జిలో రామానుజముగారి తొలి దినములు

పైచదువులకై మన తెలుగునాటి నుండి యూరపునకు పోవు బాలురును బాలికలును నేడు ప్రతి సంవత్సరము వేలకొలదిగా నున్నారు. పెట్టెలో నేమి సర్దవలెను, ఊరగాయ నూనె బట్టలకంటకుండ నెట్లు మూతకట్టవలెను అని తల్లులు చర్చించుకొనుట మేమును వినుచున్నాము. పంపువారి కంటికి పెట్టె యగపడును గాని, పోయినవారు పరదేశమున గడుపు మొదటి దినములు అగపడవు. అవి యెట్లుండునో యోచించినపుడెల్ల మాకు శ్రీనివాస రామానుజముగారి వృత్తాంతము స్ఫురణకు వచ్చును. గణితము మాకు రాదు. ఆయన సూత్రములను గూర్చి వ్రాయ సాహసింపము. కాని ఆయన పడకను గూర్చియు, పాదరక్షలను గూర్చియు, ఆయన కాచిన చారును గూర్చియు వ్రాయుటకు గృహిణులమైన మాకు కొంత యధికారము కలదని తలంచెదము.

ఆయన 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీని ఈరోడులో జనించి కుంభకోణమున పెరిగిరి. తండ్రి బట్టల దుకాణమున గుమాస్తా. కళాశాలలో గణితము దక్క మరేమియు పట్టక, విద్యార్థివేతనము పోగొట్టుకొని, 1905లో ఎవరికిని చెప్పకుండ ఇల్లు విడిచి పోయినది మన విశాఖపట్టణమునకే. తరువాత ఆయన ప్రజ్ఞను గుర్తించి కొంతకాలము తన చేతిసొమ్ముతో పోషించిన రామచంద్రరావుగారు నెల్లూరు కలెక్టరు. 1912లో చెన్నపురి రేవు కచేరిలో నెలకు ముప్పది రూపాయల గుమాస్తా పని దొరికెను. మరుసటి యేట జనవరిలో కేంబ్రిడ్జి పండితుడైన హార్డీగారికి జాబు వ్రాయుటయు, ఆయన యాశ్చర్యపడి రమ్మని పిలుచుటయు లోకవిదితములే.

పిలుపు వచ్చినంతనే బయలుదేరలేదు. సముద్రయానము చేసిన వైష్ణవునకు నాడు స్వజనుల పంక్తిని స్థానముండెడిది కాదు. తల్లియగు కోమలతమ్మాళ్ గారు మొదట సమ్మతింపలేదు. పిదప నామగిరి అమ్మవారు స్వప్నమున గానవచ్చి, కుమారుని దారికి అడ్డు నిలువవలదని యానతిచ్చినందున అంగీకరించినదని ఆయనను తోడ్కొనిపోవుటకు యత్నించిన నెవిల్ గారు వ్రాసిరి. ఆ స్వప్నమును గూర్చి కొందరు నవ్వుదురు. మేము నవ్వము. కన్నకొడుకును కడలి దాటింపవలసిన తల్లికి లోకుల కెదురుగా జెప్పుకొనుటకు ఒక దేవత యాజ్ఞ కావలసియుండెను.

ప్రయాణమునకు ముందు ఆయన తల్లిని, పదునైదేండ్లైనను నిండని భార్య జానకమ్మగారిని కుంభకోణమునకు బంపివేసి, అటుపిమ్మట శిఖ తీయించుకొనిరి. ఆ పని తల్లి కన్నులబడకుండుటకే యట్లు చేసిరట. 1914 మార్చి 17వ తేదీని 'నెవాసా' యను పొగయోడ నెక్కి, ఏప్రిల్ 14వ తేదీని లండను చేరిరి. నెవిల్ గారు మోటారుబండితో నెదుర్కొని, భారతీయ విద్యార్థులు తొలుత దిగు క్రామ్వెల్ వీథిలోని వసతికి గొనిపోయిరి. నాలుగు దినముల పిదప కేంబ్రిడ్జిలో తమ యింటనే యుంచుకొనిరి. క్రొత్తవానిని స్టేషనులో దించుకొని చిరునామా చేతబెట్టి పంపక, తమ కప్పు క్రింద నుంచుకొన్న ఆ దంపతులను మనము తలచుకొనవలసియున్నది.

అక్కడి కూరలు ఆయనకు రుచింపలేదు. ఇరువదియాఱేండ్లు స్వేచ్ఛగా మెలగిన పాదములను చెప్పులు గాక బూట్లు బంధించి బాధించెను. అయినను ఆ దినములలో ఆయన మిక్కిలి సంతోషముగానే యుండెనని నెవిల్ గారి సాక్ష్యము. జూను మాసమున ట్రినిటీ కళాశాలలోని హ్యూవెల్ ప్రాంగణపు గదులకు మారిరి. హార్డీగారి గది చేరువయగుట పనికి సదుపాయమే. కాని పిలిచి భోజనము పెట్టు ఇల్లు దూరమయ్యెను.

ఇక పడక కథ. దీనిని మనకు జెప్పినవారు నాడక్కడ విద్యార్థిగానుండి, తరువాత గణాంకశాస్త్రమున ప్రసిద్ధినొందిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు. రాత్రులు వెచ్చగా నిద్రపట్టుచున్నదా యని ఆయన యడుగగా, లేదు, పై అంగీ తొడుగుకొని శాలువ కప్పుకొని పరుండినను చలి యాగుటలేదని రామానుజముగారు చెప్పిరి. కంబళ్లు చాలవేమోనని మహలనోబిస్ గారు పడకగదిలోనికి పోయి చూడగా, కంబళ్లు కావలసినన్ని యున్నవి! ఇంగ్లీషువారు దుప్పట్లను, కంబళ్లను పరుపు క్రిందికి గట్టిగా దోపి, పైన అలంకారపు గుడ్డ పఱచెదరు. ఉత్తరమును లిఫాఫాలో దూర్చినట్లు మనుష్యుడు దానిలో దూరవలెను. రామానుజముగారు ఆ గుడ్డ మీదనే పండుకొనుచుండిరి. మహలనోబిస్ గారు కంబళ్ల నెత్తి చూపిన పిదపగాని వారికి తెలియలేదు.

ఈ కథను పలువురు పరిహాసముగా జెప్పుదురు. మాకు మాత్రము కంట తడి పెట్టించును. చాప పఱచి, దిండు వైచి, దుప్పటి చేతికిచ్చు ఇండ్లలో పెరిగినవానికి పక్కను విప్పవలెనని యెట్లు తోచును? అక్కడివారికి అది చెప్పదగిన సంగతియని తోచలేదు. ఈయనకు అది యడుగదగిన సంగతియని తోచలేదు. ఆ నడుమ కంబళ్లుండియు ఒక మనుజుడు చలికి వడకెను.

ఆహారము సంగతి యింతకంటె కఠినము. కళాశాల వంటశాలలో మాంసపు క్రొవ్వు తగులునను శంకతో ఆయన యచ్చట భుజింపక, గదిలోనే చిన్న పొయ్యిమీద వండుకొనుచుండిరి. లెక్కలలో మునిగిన దినములలో వంట మఱచుటయు కలదు. నాలుక నదుపులో నుంచుకొంటిననియు, వట్టి యన్నము, ఉప్పు, నిమ్మరసముతో నెంతకాలమైనను గడుపగలననియు స్నేహితునకు వ్రాసిరి. ఇది నిగ్రహమని పురుషులు మెచ్చుకొందురేమో. వంటింటివారమైన మాకు మాత్రము భయము పుట్టెను. పప్పు, పాలు, కూరలు లేని యన్నము దేహము నెన్నాళ్లు నిలుపును? 1914 ఆగస్టులో మహాయుద్ధ మారంభమై కూరగాయలు, పండ్లు మఱింత కఱవయ్యెను.

పెట్టుటలో మాత్రము ఆయన లోభి కాదు. ఒకమాఱు మిత్రుని, ఇద్దఱు స్త్రీలను విందునకు బిలిచిరి. వారిలో నొకరు హైదరాబాదులో బుట్టి పెరిగిన సరోజినీనాయుడుగారి సోదరి మృణాళినిగారు. స్వయముగా కాచిన చారును మరల మరల వడ్డించుచుండగా, ఆ స్త్రీలు ఇక చాలనిరి. కొంతసేపటికి చూడగా ఇంటాయన లేడు! దినములు గడచిన పిమ్మట ఆక్సుఫర్డు నుండి తంతి వచ్చెను, అయిదు పౌనులు పంపుడని. తన వడ్డన నిరాకరింపబడినదని మనసు నొచ్చి, చేతనున్న పైకముతో అంతదూరము పోయిరట. మన యిండ్లలో అతిథి విస్తరిపై చేయి యడ్డము పెట్టినను వడ్డించుట మానము. అక్కడ చాలన్న మాటకు చాలుననియే యర్థము.

1917లో వ్యాధి పైకొనెను. క్షయయని వైద్యులనుకొని చికిత్సాలయములలో నుంచిరి; కాలేయమునకు సోకిన అమీబా వ్యాధియై యుండునని 1994లో ఒక వైద్యుడు ఆ లక్షణములను విమర్శించి వ్రాసిరి. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, ట్రినిటీ ఫెలోపదవియు లభించెను. ఆ నడుమ ఇంటినుండి జాబులు సన్నగిల్లెను. జానకమ్మగారు వ్రాసినవి అత్తగారి చేతనే నిలిచిపోయెనని చరిత్రకారులు చెప్పుదురు. కోమలతమ్మాళ్ గారిని దూషింప మాకిష్టము లేదు. కాని ఒక పరదేశి గదిలో పోస్టుజవాను పిలుపునకై చెవియొగ్గి కూర్చుండువానిని తలంచినపుడు, పడకలోని చలికంటె ఈ చలియే దుస్సహమని తోచును.

1919లో స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీని ముప్పదిరెండవ యేట చెన్నపురిలో పరమపదించిరి. ఆ చివరి సంవత్సరమే దంపతులు నిజముగా కలసియున్న కాలము. జానకమ్మగారు తరువాత కుట్టుపని నేర్చి, తిరువల్లిక్కేణిలో స్వశక్తిచే జీవించి, 1994 వఱకు నుండిరి. వేళ తప్పక భర్తకు అన్నము, నిమ్మరసము, మజ్జిగ యిచ్చుటయు, నొప్పి యన్నపుడు కాళ్లకును ఱొమ్మునకును కాపడము పెట్టుటయు తన భాగ్యమని ఆమె చెప్పుకొనెడివారు. ఆ వేడినీళ్లు కాచిన రెండు పాత్రలను వృద్ధాప్యము వఱకు దాచుకొనియుండిరి.