ఒక్క క్రియ రెండుగా చీలే చోట

టెక్సస్‌లో ఇళ్ల పైకప్పులు వేసేవాళ్లలో, హోటల్ వంటిళ్లలో పనిచేసేవాళ్లలో చాలామంది మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్‌ల నుంచి వచ్చినవాళ్లే. అలాంటివాళ్లకు సాయంత్రాలు మా ఊరి లైబ్రరీలో ఇంగ్లీషు చెబుతాను. వాళ్లను తిప్పలు పెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు, రోజూ నోట్లో నలిగే క్రియలు.

స్పానిష్‌లో ‘గనార్’ అంటే గెలవడం, సంపాదించడం కూడా. అందుకే పనివాడు గంటకు పదిహేను డాలర్లు ‘విన్’ చేస్తున్నానంటాడు, అనాల్సింది ‘ఎర్న్’. ‘పెర్దేర్’ అంటే పోగొట్టుకోవడం, బస్సు అందకపోవడం కూడా. దాంతో ‘మిస్’ రావాల్సిన చోట ‘ఐ లాస్ట్ ద బస్’ అని వస్తుంది. ‘ఎస్పెరార్’ మరీ కష్టం. వెయిట్, హోప్, ఎక్స్‌పెక్ట్ మూడింటి పనీ అదొక్కటే చేస్తుంది. నిండు గర్భిణి ‘ఐ యామ్ వెయిటింగ్ ఎ బేబీ’ అంటే అది అశ్రద్ధ కాదు. ఆమె భాషలో ఒక్కటిగా ఉన్న క్రియ ఇంగ్లీషులో ఎక్కడ చీలిందో ఆమెకు ఎవరూ చూపలేదు, అంతే.

ఎదురుచూడటం వేరు, ఆశపడటం వేరు కాబట్టి తెలుగువాళ్లకు ఈ చిక్కు లేదు. కానీ డూ, మేక్ దగ్గర మనమూ వాళ్లూ ఒకటే. మనకు ‘చేయడం’, వాళ్లకు ‘అసేర్’. ‘డిడ్ ఎ మిస్టేక్’ అన్న మాట నేను హైదరాబాద్‌లోనూ విన్నాను. తిరగేసి చూస్తే ఇబ్బందే లేదు: మనిషి తెలియడానికి ‘కొనోసేర్’, విషయం తెలియడానికి ‘సాబేర్’ అని స్పానిష్‌లో రెండున్నా, ఇంగ్లీషులో ‘నో’ ఒక్కటే కనుక ఎవరూ తడబడరు. రెండు ఒకటైతే సులువు, ఒకటి రెండైతేనే కష్టం.

లాటిన్ నుంచి రెండు భాషల్లోకీ వచ్చి అర్థం మారిన క్రియలు మరో రకం. ‘అసిస్తీర్’ను ఎక్కువగా వాడేది హాజరు కావడానికి, సాయపడటానికి కాదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ‘మొలెస్తార్’. స్పానిష్ దేశాల హోటల్ గది తలుపుకు ‘నో మొలెస్తార్’ అన్న అట్ట వేలాడుతుంది; విసిగించవద్దని దానర్థం. ఇంగ్లీషులో ‘మొలెస్ట్’ అంటే ఇప్పుడు ప్రధానంగా లైంగిక దాడి. పక్కింటివాడు పాటలు గట్టిగా పెడుతున్నాడని చెప్పబోయి ఎవరైనా పోలీసుల ముందు ఆ మాట వాడితే ఎంత దూరం వెళుతుందో ఊహించండి. అందుకే ఏ కొత్త తరగతికైనా ముందు ఇదే చెబుతాను.

అమెరికాలో ఇల్లు కట్టించుకునే, హోటళ్లు నడిపే మన తెలుగువాళ్లకు ఒక విన్నపం. మీ దగ్గర పనిచేసే మనిషి నోట ‘మొలెస్ట్’ అన్న మాట వినబడితే కొట్టిపారేయకండి, కంగారూ పడకండి. ‘ఏం చేశాడో చెప్పమ్మా’ అని నిదానంగా అడిగి, పూర్తిగా వినండి.