ఒక చెట్టు, ఒక రంధ్రం, నలభై లీటర్ల నీరు

ఫిబ్రవరి నెలాఖరున అమెరికాలోని వెర్మాంట్‌లో రాత్రి చలి సున్నాకు నాలుగైదు డిగ్రీలు కిందికి దిగి, మధ్యాహ్నపు ఎండకు మళ్ళీ సున్నా దాటి నాలుగైదు డిగ్రీలు పైకి లేచిందంటే చాలు, ఊళ్ళో అందరి చూపూ మేపుల్ చెట్ల మీదికి పోతుంది. ఇక్కడ మార్చి మొదటి మంగళవారం ఊరి సభలు జరుగుతాయి. ఆ రోజుకు తియ్యటి నీటి కోసం చెట్లకు గొట్టాలు దించాలన్నది పాతవాళ్ళ లెక్క. ఇప్పుడు చలి ముందే విడుస్తోంది కాబట్టి ఆ మంగళవారం కోసం ఆగేవాళ్ళు తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చూడాల్సింది క్యాలెండర్ కాదు, థర్మామీటర్.

నేను నల్లగొండ జిల్లాలో గీత కార్మికుల ఇంట్లో పుట్టాను. మా తాత భుజాన మోకు, చేతిలో లొట్టి పట్టుకుని తెల్లారకముందే వనానికి పోవడం చూస్తూ పెరిగాను. చెట్టు నుంచి తియ్యటి నీరు కారడం నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ పక్కింటి పెద్దాయన పెరట్లో, ఒక్క ఆకైనా లేని చెట్టు నుంచి, మోకాలి లోతు మంచులో, బొట్టు బొట్టుగా నీరు బకెట్లో పడుతుంటే ఆశ్చర్యపోయాను. దాన్ని తోస్తున్నది ఏమిటి?

తాటిచెట్టులో ఆకులు వండిన చక్కెర పూత వైపు, కాయ వైపు ప్రయాణిస్తుంది. గీసేవాడు గెల కొసను రోజూ పలుచగా చెక్కి, ఆ చక్కెరను దారి మళ్ళిస్తాడు. మేపుల్ పద్ధతి వేరు. నిరుటి వేసవిలో ఆకులు చేసిన చక్కెర పిండిపదార్థంగా చెక్కలో దాగి ఉంటుంది. చలికి అది మళ్ళీ చక్కెరగా మారి నీటిలో కలుస్తుంది. మేపుల్ చెక్కలో నీటి నాళాల పక్కనున్న నార కణాలలో నీరుండదు, గాలి ఉంటుంది. రాత్రి చలికి ఆ గాలి కుంచించుకుపోతుంది, నీరు అటు చేరి గడ్డకడుతుంది, చెట్టు వేళ్ళ నుంచి ఇంకా నీటిని పైకి లాగుతుంది. పగలు మంచు కరిగేసరికి అణిగి ఉన్న గాలి విచ్చుకుని నీటిని బయటికి నెడుతుంది. ఎక్కడ గాయం దొరికితే అక్కడి నుంచి కారుతుంది. అందుకే చలీ కావాలి, ఎండా కావాలి. రోజంతా గడ్డకట్టే చలిగా ఉన్నా, రాత్రులు చలి తగ్గిపోయినా బకెట్ ఖాళీగానే ఉంటుంది.

చెట్టును శీతాకాలంలో గుర్తుపట్టడం కష్టం. ఆకులు రాలకముందే, శరదృతువులోనే, గుర్తు పెట్టుకోవాలి. షుగర్ మేపుల్ ఆకుకు ఐదు కొసలు, వాటి మధ్య గుండ్రటి వంపులు ఉంటాయి. రెమ్మలు ఎదురెదురుగా పుడతాయి. ఎర్ర మేపుల్‌కూ గొట్టం దించవచ్చు, కానీ సాధారణంగా దాని నీటిలో తీపి తక్కువ, మొగ్గ తొందరగా వస్తుంది. మాను అడ్డుకొలత కనీసం 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే సన్నటి చెట్టు జోలికి పోవద్దు.

రంధ్రం 8 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల లోతు ఉంటే సరిపోతుంది. నీరు బయటికి జారేలా డ్రిల్లును లోపలికి కాస్త పైవాటంగా పట్టాలి. బయటికి వచ్చే చెక్కపొడి లేతరంగులో ఉంటే బతికిన చెక్క. గోధుమరంగులో ఉంటే చచ్చిన చెక్క, అక్కడ నీరు రాదు. ఇక్కడివాళ్ళు స్పైల్ అని పిలిచే చిన్న గొట్టాన్ని ఆ రంధ్రంలో పెట్టి సుత్తితో మెల్లగా తట్టాలి, గట్టిగా కొడితే చెక్క చీలుతుంది. పాత సామాన్ల దుకాణంలో ముచ్చటైన రేకు బకెట్లు దొరుకుతాయి కానీ వాటి అతుకుల్లో సీసం ఉండవచ్చు. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ బకెట్, మూత చాలు.

ఫోన్లో ఇదంతా చెబితే అమ్మ ముందు అడిగింది తీపి గురించి కాదు. “చెట్టుకు ఏం గాదా బిడ్డా?” అంది. గీత కార్మికుడి కూతురు అడగవలసిన ప్రశ్నే అది. తాత ఈతచెట్టును ఏటా ఒకే పక్క గీసేవాడు కాదు. ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు దానికి ఎదురు పక్క. మాను పొడవునా ఆ గాట్లు మెట్లుమెట్లుగా కనిపించేవి. మేపుల్‌కు మనం వేసే రంధ్రం పైకి రెండుమూడేళ్ళలో పూడుకుంటుంది. లోపల మాత్రం ఆ గాయం మానదు. చెట్టు ఆ చుట్టుపక్కల చెక్కను, పైకీ కిందికీ చాలా దూరం, మూసేసుకుంటుంది. ఇక ఆ చెక్కలో నీరు నడవదు. ప్రతి రంధ్రమూ చెట్టు ఆస్తిలోంచి శాశ్వతంగా పోయే ముక్క. ఏటా దాని పైన కొత్త చెక్క పెరుగుతుంది కాబట్టే చెట్టు ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. అందుకే చెట్టుకు ఒక్క రంధ్రమే వేయమని నేను గట్టిగా చెబుతాను. పెద్ద మానుకు రెండు వేయవచ్చని పుస్తకాలు అంటాయి, పెరటివాళ్ళకు ఆ రెండోది అక్కర్లేదు.

ఒక రంధ్రం నుంచి కాలమంతటికీ సుమారు 40 లీటర్ల నీరు వస్తుంది. అది మరిగి ఒక లీటరు సిరప్ అవుతుంది. వెర్మాంట్ శాస్త్రవేత్త జోన్స్ ఇచ్చిన లెక్క ఇక్కడ అందరికీ నోటికి వచ్చు: 86ను నీటిలోని చక్కెర శాతంతో భాగించాలి. రెండు శాతం తీపి ఉంటే లీటరు సిరప్‌కు 43 లీటర్లు, మూడు శాతమైతే 29 లోపే. అమ్మకు ఈ లెక్క మింగుడుపడలేదు. “గంత నీళ్ళు మరగబెడితే గింతేనా?” అంది. అబెనాకీ ఆదివాసులు చెప్పుకునే కథలో పూర్వం చెట్ల నుంచి చిక్కటి పాకమే కారేదట. మనుషులు పని మాని చెట్ల కింద నోరు తెరుచుకుని పడుకోవడం చూసి వాళ్ళ పురాణ వీరుడు గ్లుస్కాబే చెట్లలో నీళ్ళు పోశాడట. ఐరోపావాళ్ళు రాకముందే ఈ నీటితో చక్కెర చేసినవాళ్ళు ఇక్కడి ఆదివాసులే.

ఈ నీరు పాల లాంటిది, చల్లగా లేకపోతే పాడవుతుంది. బకెట్లను మంచులో పూడ్చి, రెండుమూడు రోజుల్లో కాచేయాలి. వంటింట్లో మాత్రం కాచవద్దు. 39 లీటర్ల ఆవిరి గోడలకు పడితే అంటించిన కాగితాలు ఊడి వస్తాయి. పెరట్లో సిమెంటు దిమ్మెలతో పొయ్యి పేర్చి, వెడల్పాటి స్టీలు పళ్ళెం పెట్టి, ఎండు కట్టెలు వేయండి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉంటే తొందరగా ఇగురుతుంది. చల్లటి నీరు ఒక్కసారిగా గుమ్మరిస్తే మరుగు ఆగిపోతుంది, కొంచెం కొంచెంగా పోయాలి. నురుగు పొంగితే ఇక్కడివాళ్ళు వెన్నచుక్క వేస్తారు. నేను నెయ్యి వేస్తాను, వెంటనే అణిగిపోతుంది.

ఆఖరి లీటరును లోపల స్టవ్ మీద పెట్టి దగ్గరుండి చూడాలి. ఆ రోజు మంచినీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతోందో ముందు చూసుకుని, దానికి నాలుగు డిగ్రీలు ఎక్కువ రాగానే దించాలి. వాతావరణ పీడనాన్ని బట్టి మరిగే వేడి మారుతుంది కాబట్టి ఏ రోజుకారోజు చూసుకోవలసిందే. మనకు పాకం చూడటం అలవాటే కానీ తీగపాకం దాకా పోనివ్వకండి, సీసాలో గడ్డకట్టి స్ఫటికాలవుతుంది. పలుచగా దించితే బూజు పడుతుంది. అడుగున ఇసుకలాంటి మడ్డి తేరుతుంది. అది చెట్టులోని ఖనిజమే, వేడిగా ఉండగానే మందపాటి ఉన్నిగుడ్డలో వడకట్టాలి. 82 డిగ్రీలకు తగ్గకుండా సీసాల్లో నింపి మూత బిగించాలి. ఇంకా కాచి, ఉండపాకం వచ్చాక మంచు మీద పోస్తే జీడిలా సాగుతుంది; ఇక్కడ దాన్ని ఉప్పు దోసకాయ ఊరగాయతో కలిపి తింటారు. ఆ జోడీ ఎంత బాగుంటుందో తిన్నవాళ్ళకే తెలుసు.

తొలి నీటి సిరప్ బంగారు రంగులో ఉంటుంది. రోజులు గడిచి ఎండ పెరిగేకొద్దీ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి, కాచినప్పుడు రంగు ముదురుతుంది. గోల్డెన్, యాంబర్, డార్క్, వెరీ డార్క్ అని 2014 నుంచి వెర్మాంట్‌లో నాలుగు తరగతులు. లేతదాన్ని మెచ్చేవాళ్ళు ఉంటారు. నా ఓటు ముదురుదానికి. శ్రీరామనవమి ఇంచుమించు కాలం ముగిసే రోజుల్లోనే వస్తుంది కాబట్టి, ఆ నల్లటి సిరప్‌లో మిరియాలు, శొంఠి, యాలకులు వేసి పానకం చేస్తాను.

మొగ్గలు ఉబ్బడం మొదలైతే నీటి రుచి చెడుతుంది, ఎంత కాచినా ఆ వెగటు పోదు. ఆ రోజే గొట్టాలు లాగేయాలి. రంధ్రంలో బిరడా కొట్టవద్దు, మైనం పూయవద్దు, చెట్టు తనంతట తానే మూసుకుంటుంది. ఏ చెట్టుకు ఏ పక్క, ఎంత ఎత్తులో రంధ్రం వేశామో నోటుబుక్కులో రాసుకుంటే మరుసటి ఏడు పాతగాయం దగ్గరికి పోకుండా ఉంటాం. మా పెరట్లో మూడు చెట్లున్నాయి. నిరుడు ఎండాకాలం మూడోదాని ఆకులన్నీ గొంగళిపురుగులు తినేశాయి, ఆకు లేని వేసవి అంటే దాచుకున్న చక్కెర తక్కువ. ఈసారి దానికి గొట్టం దించలేదు.